మంచం ఎత్తిన చోటు

మా ఇంట్లో ఇల్లు ఎక్కడ అయిపోయి అట్టపెట్టెలు ఎక్కడ మొదలవుతాయో కొత్తగా వచ్చినవాళ్ళు చెప్పలేరు. ముందు గదిలో మంచం ఎత్తి గోడకు నిలబెట్టి ఉంటే అది పని చేసే చోటు. మంచం వాల్చి ఉంటే అది బావగారు పడుకునే చోటు. వంటింట్లో ఒక పొయ్యి మీద అన్నం, రెండో పొయ్యి మీద మైదా జిగురు. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం వేస్తాం కాబట్టి ఆ గిన్నె, ఆ గరిటె వేరు. వాటి పిడులకు అక్క ఎర్ర గుడ్డపీలిక చుట్టి ఉంచింది. నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో ఎవరు నాకు ఏ వరసవుతారో చెప్పకముందే, ఎర్రగుడ్డ గిన్నెలో పాలు కాచవద్దని చెప్పారు.

అక్క అంటే మా బావగారి భార్య, నా తోడికోడలు. బావగారు లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తా. మావారు ఆ లారీల్లోనే ఒకదాని మీద ఊళ్ళు తిరుగుతూ ఎప్పుడో ఒకసారి ఇంటికి వస్తారు. ఈ కథలో ఆయనకు పని లేదు.

నేను ఈ ఇంటికి రాకముందు బావగారికి కొంతకాలం ఉద్యోగం పోయిందట. అప్పుడు అక్క చెప్పుల షావుకారు దుకాణానికి వెళ్ళి, చెప్పులు పెట్టి ఇచ్చే పెట్టెలు తాను చేసిస్తానని చెప్పి ఒక అట్ట అడిగి తెచ్చుకుంది. ఆ అట్ట పాడైంది. ఇంకొకటి తెచ్చుకుంది, అదీ పాడైంది. ఆ తర్వాతది పెట్టె అయింది. బావగారికి ఉద్యోగం తిరిగి వచ్చినా పెట్టెలు ఆగలేదు. నేను కాపురానికి వచ్చేసరికి ఆ బజారులో చెప్పులమ్మే వాళ్ళందరికీ పెట్టెలు మా ముందు గదిలోంచే వెళ్తున్నాయి. డిగ్రీ పట్టా పెట్టెలో పెట్టి, నేనూ అక్క పక్కన కూర్చుని మడతలు పెట్టడం నేర్చుకున్నాను.

"గీత మీద మడవవే, గీత పక్కన కాదు. మీ కాలేజీలో గీతలుండేవి కావా?" అనేది.

"ఉండేవక్కా. దాటొద్దని చెప్పడానికి."

"ఇది దాటేది కాదు, మడిచేది. కానీ."

ఇంత జరుగుతున్నా మా ఇంట్లో ఆ పనికి వ్యాపారం అనే పేరు లేదు. అత్తయ్య దాన్ని "ఆ పెట్టెల గోల" అనేది. బావగారు ఎవరైనా అడిగితే "ఏదో కాలక్షేపానికి చేసుకుంటారు" అనేవారు. కరెంటు బిల్లు, అత్తయ్య మందులు, నెల సరుకులు ఆ కాలక్షేపంలోంచే వచ్చేవి.

ఆ ఏడాది ఇంటింటికీ మనుషులు తిరిగి, ఎవరెవరు ఏ చిన్న వ్యాపారం చేస్తున్నారో, ఏ వస్తువు తయారు చేస్తున్నారో రాసుకుంటారని కబురు వచ్చింది. ఎందుకు రాసుకుంటారో ఎవరికీ తెలియదు. తెలియని చోట భయం ముందు కూర్చుంటుంది. పై వీధిలో ఎవరికో ఇంటి మీటరు తీసి దుకాణం మీటరు పెట్టారని, పన్ను కూడా వేస్తారని అత్తయ్య కుళాయి దగ్గర విని వచ్చింది.

"అవన్నీ తీసేయండి. ఇంట్లో ఒక్క అట్టముక్క కనపడకూడదు" అంది.

"ఉన్నది ఉన్నట్టు చెబితే ఏమవుతుందత్తయ్యా? దొంగసారా కాస్తున్నామా?" అంది అక్క.

బావగారు చదువుతున్న పేపరు దించారు. "మీటరు మారిస్తే ఆ బిల్లు కట్టేదెవరు?"

"ఇప్పుడు కట్టేదెవరు?"

ఆయన పేపరు మళ్ళీ ఎత్తుకున్నారు. కాసేపటికి దాని వెనకనుంచే, "మొగుడు ఉద్యోగం చేస్తుండగా పెళ్ళాం పెట్టెలమ్ముతోందని గవర్నమెంటు కాగితంలో రాయించాలా? బాగుంది సంబడం" అన్నారు. అసలు మాట మీటరు గురించి కాదని నాకప్పుడు అర్థమైంది. అక్కకు ఎప్పుడో అర్థమై ఉంటుంది. ఆమె లేచి అట్టలు సర్దడం మొదలుపెట్టింది.

తయారైన పెట్టెలు పక్కింటి వాళ్ళ అటక మీదికి వెళ్ళాయి. అట్టల దొంతరలు మోయలేనంత బరువు. వాటిని ముందు గదిలో మంచమంత పొడవున పేర్చి, పైన పరుపు వేసి, దుప్పటి కప్పాం. చూడ్డానికి దివాను లాగే ఉంది. లెక్కలు రాసుకునే ఆయన వచ్చి సరిగ్గా దానిమీదే కూర్చున్నాడు.

"గట్టిగా ఉందే" అన్నాడు కొంచెం కదిలి.

"నాకు నడుం నొప్పి నాయనా. గట్టి పరుపు మీదే పడుకోమన్నాడు డాక్టరు" అంది అత్తయ్య, నడుం మీద చెయ్యి వేసుకుని.

"ఏదో వాసనొస్తోంది?"

"బట్టలకి గంజి పెట్టుకుంటున్నాం."

ఆయన కాగితం తీశాడు. ఇంట్లో ఎవరైనా వ్యాపారం గానీ తయారీ గానీ చేస్తున్నారా అని అడిగాడు. బావగారు తన ఉద్యోగం చెప్పారు, తమ్ముడి లారీ సంగతి చెప్పారు.

"ఆడవాళ్ళు?"

"ఇంట్లోనే ఉంటారు."

"ఏమీ చెయ్యరా?"

"ఏం చేస్తారండీ? తింటారు, టీవీ చూస్తారు" అని బావగారు నవ్వారు. ఆయనా నవ్వాడు.

అక్క అప్పుడే టీ తెచ్చింది. గ్లాసు అందుకుంటూ ఆయన ఆమె వేళ్ళ వంక చూశాడు. గోళ్ళ సందుల్లో జిగురు ఎండి తెల్లగా పొరలు కట్టి ఉంది. ఎంత కడిగినా అది ఒకపూటకి పోయేది కాదు. ఆయన వేళ్ళు చూసి, కాగితం చూసి, టీ తాగి, "లేదు" అని రాసుకుని బావగారి చేత సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. చెప్పింది రాసుకోవడం ఆయన పని. చూసింది రాసుకోమని ఆయనకెవరూ చెప్పలేదు.

ఇంకా ఎన్నో ఇళ్ళు మిగిలి ఉంటాయి పాపం. మా వీధిలో మేమొక్కళ్ళమే కాదు, జాకెట్లు కుట్టేవాళ్ళు, కవర్లు అంటించేవాళ్ళు, బొమ్మలకి రంగులేసేవాళ్ళు అందరూ ఆ రోజు కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. గట్టిగా మాట్లాడింది సందు మొదట్లో ఉండే కబుర్ల బాబాయి ఒక్కడే. ఆయన సైకిలు షాపు మూతపడి ఏళ్ళయింది. షాపులో ఉన్నది ఒక మడత మంచం, గాలి పంపు, ఆయన. "నా కింద ఆరుగురు పని చేస్తున్నారు, రాసుకోండి" అన్నాడట. రాసుకున్నారు. ఆలు లేదు చూలు లేదు అన్న సామెత ఆయన్ని చూశాకే పుట్టి ఉంటుందని మేం చాలా రోజులు నవ్వుకున్నాం.

ఎండలు ముదిరాక ఊరికి అవతల ఎక్కడో, ఇంటి కిందే రబ్బరు సరుకు పెట్టుకున్న మేడ ఒకటి తగలబడింది. మనుషులు పోయారు. ఆ వెంటనే ఉత్తర్వు వచ్చింది. ఇళ్ళల్లో అట్ట, గుడ్డ, రబ్బరు, జిగురు పెట్టుకుని పని చెయ్యకూడదు. బస్సుల షెడ్డు వెనక కొత్తగా గదులు కడుతున్నారు. లెక్కలో ఉన్న వ్యాపారాలన్నింటికీ ఒక్కో గది తక్కువ అద్దెకు ఇస్తారు. లెక్కలో లేనివాళ్ళకు వ్యాపారమే లేదు కాబట్టి గది అక్కర్లేదు.

చెప్పుల షావుకారు మా ఇంటికి ఎప్పుడూ రాడు. ఆ వారం వచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. "గది ఉన్నవాళ్ళ దగ్గరే కొనాలమ్మా ఇకనుంచి. ఇళ్ళల్లో చేసినవి కొంటే నాకూ జరిమానా. గది తెచ్చుకో, ఎన్ని పెట్టెలైనా తీసుకుంటాను. లేకపోతే నేనేం చెయ్యను చెప్పు?"

 మర్నాడు అక్క కూరలకని చెప్పి నన్ను తీసుకుని ఆ కడుతున్న గదులు చూడ్డానికి వెళ్ళింది. తలుపులు ఇంకా బిగించలేదు. గోడలు పచ్చిగా ఉన్నాయి. వరసలో చివరి గదిలోకి వెళ్ళి మధ్యలో నిలబడి చేతులు రెండు పక్కలకీ చాపింది. ఏ గోడా తగల్లేదు.

"ఇక్కడ బల్ల వేస్తా. నడుమెత్తు బల్ల. నిలబడి కోస్తే మోకాళ్ళు పట్టెయ్యవు. ఆ కిటికీ దగ్గర అట్టలు ఆరబెట్టొచ్చు. ఇదిగో, ఇక్కడ నువ్వు."

"నన్నూ సామాన్లతో సర్దేస్తున్నావా?"

"నువ్వు కదలకుండా కూర్చుంటే అంతకంటేనా" అంది. ఆమె ముఖం అంత విప్పారడం నేను అంతకుముందు చూడలేదు. "సాయంత్రం ఎవరికోసమూ తీసి సర్దక్కర్లేదు. ఎక్కడ ఆపితే అక్కడ వదిలేసి, తాళం వేసుకుని వచ్చేయొచ్చు. ఆలోచించు."

లెక్కలో తప్పు పడినవాళ్ళు వచ్చి దిద్దించుకోవచ్చని గదులిచ్చే ఆఫీసులో చెప్పారు. షరతు ఒక్కటే. మొదట జవాబు చెప్పి సంతకం పెట్టిన మనిషే వచ్చి, తాను చెప్పింది సరి కాదని చెప్పాలి.

బావగారు ససేమిరా అన్నారు.

"నేను అబద్ధం చెప్పానని నా నోటితో నేనే చెప్పుకోవాలా? కాటా దగ్గర నా మాట మీద లారీలు నడుస్తాయి తెలుసా?"

"అబద్ధమని చెప్పక్కర్లేదండీ. మరిచిపోయానని చెప్పండి."

"పెళ్ళాం చేసే పని మరిచిపోయానంటే నమ్ముతారా?"

"రోజూ మరిచిపోతూనే ఉన్నారుగా."

మూడు పూటలు ఆయన అన్నం దగ్గర మాట్లాడలేదు. అక్క వడ్డిస్తూనే ఉంది, అడుగుతూనే ఉంది. గడువు దగ్గర పడింది. చివరికి కదిపింది అత్తయ్య. వంటింట్లోకి వినపడేలా, గొంతు ఏమీ తగ్గించకుండానే అంది, "వెర్రినాగన్నా, సంతకం పెట్టేది నువ్వు. గది వస్తే నీ పేరునే వస్తుంది. ఊళ్ళో మనకి ఒక గది ఉంటుంది. ఎందుకు వదులుకుంటావురా?"

అక్క గరిటె పట్టుకుని నా వంక చూసింది. నేను నోరు తెరవబోతే తల అడ్డంగా ఊపింది. ముందు గదిలోంచి బావగారి గొంతు వినిపించింది. "రేపు ఒకపూట సెలవు పెడతాలే."

దిద్దుబాట్ల గదిలో ఒక గుమాస్తా కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. మా ముందు వచ్చినవాళ్ళతో అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంది. మాకు బల్ల చూపించాడు. బావగారు కుర్చీలో కూర్చున్నారు, మేమిద్దరం వెనక బల్ల మీద.

"ఏం తయారు చేస్తారు?"

"అట్టపెట్టెలు" అన్నారు బావగారు. అది ఆయనకు తెలుసు.

"రోజుకి ఎన్ని గంటల పని?"

బావగారు వెనక్కి తిరిగారు. అక్క మెల్లిగా చెప్పింది, "వంటయ్యాక కూర్చుంటాం. నీళ్ళొస్తే లేస్తాం. మళ్ళీ కూర్చుంటాం."

"నీళ్ళొస్తే లేస్తారండీ" అన్నారు బావగారు ముందుకి తిరిగి.

"నీళ్ళు కాదు సార్, గంటలు కావాలి నాకు."

"చేతులు ఖాళీగా ఉన్నంతసేపూ" అంది అక్క. బావగారు అదీ అప్పజెప్పారు.

గుమాస్తా నిట్టూర్చాడు. "ఎనిమిది రాస్తాను. అందరికీ అదే రాస్తున్నాను. పని చేసే స్థలం ఎంత?"

బావగారు మళ్ళీ తిరిగారు. ఈసారి అక్క గుమాస్తాతోనే చెప్పింది. "మంచం ఎత్తితే ముందు గది మొత్తం సార్. వాలిస్తే ఏమీ లేదు."

ఆయన కళ్ళజోడు కిందికి లాక్కుని ఆమెను చూశాడు. "దీనికి నా దగ్గర గడి లేదమ్మా. ఎత్తినట్టు రాయనా, వాల్చినట్టు రాయనా?"

"ఎత్తినట్టే రాయండి."

గ్యాసు ఎంత ఖర్చవుతుంది అన్నాడు. ఒక పొయ్యి అన్నానికి, ఒకటి జిగురుకి అంది. సగం రాసుకున్నాడు. ఏ నెలల్లో పని తగ్గుతుంది అన్నాడు. వానల్లో, అట్ట ఆరదు కాబట్టి. అట్ట ఎక్కడ కొంటారు, ఎవరికి అమ్ముతారు, అప్పు పెడతారా అన్నీ అడిగాడు. ప్రతిదానికీ బావగారు వెనక్కి తిరిగారు, అక్క చెప్పింది, ఆయన ముందుకి తిరిగి తన గొంతుతో చెప్పారు. ఆయన మెడ చూస్తే నాకు నొప్పి పుట్టింది. ఈ ఇంట్లో ఇన్నాళ్ళూ ఆయన కళ్ళముందు ఏం జరిగిందో ఆయన ఆ పూటే మొదటిసారి వింటున్నారనిపించింది.

"యజమాని?"

ఆ ఒక్క ప్రశ్నకి ఆయన వెనక్కి తిరగలేదు. "నేనే" అన్నారు.

నేను ఉండబట్టలేకపోయాను. "సార్, మొదలుపెట్టింది మా అక్క. చేసేదీ అక్కే."

"మీరెవరమ్మా?"

"తోడికోడల్ని."

గుమాస్తా కలం ఆపి బావగారి వంక చూశాడు. "ఇక్కడ ఒక్క పేరే పడుతుంది సార్. మీరే తేల్చుకోండి." బావగారి రెండు చేతులూ కుర్చీ చేతుల మీద బిగుసుకున్నాయి. ఆయన లేవబోతున్నారు. లేస్తే వెళ్ళిపోతారు. వెళ్ళిపోతే మళ్ళీ రారు.

"ఆయన పేరే రాయండి" అంది అక్క.

"మరి మీరిద్దరూ? జీతం తీసుకుంటారా?"

"జీతమా?" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

"అయితే జీతం లేని సహాయకులు, ఇద్దరు. ఇంకెవరైనా ఉన్నారా ఇంట్లో పని చేసేవాళ్ళు?"

"మా అత్తగారు అడ్డం రాకుండా ఉంటారు" అంది అక్క. "అదీ సాయమే. రాయకండి."

గుమాస్తా ఆ రోజుకి మొదటిసారి నవ్వి ఉంటాడు. బావగారు నవ్వలేదు. సంతకం పెట్టి, కాటా దగ్గరికి ఆలస్యమైందని అటునుంచి అటే వెళ్ళిపోయారు.

దారిలో నేను మండిపోతున్నాను. "ఎందుకక్కా అలా ఒప్పేసుకున్నావు?"

"గది రానీవే. పేరుతో పెట్టె మడుస్తామా? బల్ల దగ్గర ఎవరు నిలబడితే గది వాళ్ళది." కొంచెం దూరం నడిచాక మళ్ళీ అంది, "అడిగిన వాటన్నింటికీ జవాబు చెప్పాను చూశావా? నాకే తెలీదు నాకు ఇన్ని తెలుసని."

వానలు మొదలయ్యే ముందు గది వచ్చింది. వరసలో చివరిది కాదు, మధ్యలోది. కిటికీ చిన్నది. ఫరవాలేదంది అక్క. పక్క గది కబుర్ల బాబాయిది. ఆరుగురు పనివాళ్ళ యజమానికి పెద్ద కిటికీ ఉన్న గది ఇచ్చారు. ఆయన మడత మంచం తెచ్చి గాలి వచ్చే వైపు వేసుకుని, "ఇంట్లో ఫ్యాను కంటే ఇక్కడే నయం అమ్మాయ్" అని పడుకున్నాడు. కవర్లు అంటించేవాళ్ళకీ జాకెట్లు కుట్టేవాళ్ళకీ ఎవరికీ గది లేదు. వాళ్ళ ఇళ్ళల్లో జవాబు చెప్పిన మగవాళ్ళెవరూ వెనక్కి వచ్చి దిద్దించలేదు.

తాళం చెవి బావగారి దగ్గరే ఉంది. అక్క వడ్రంగితో మాట్లాడి నడుమెత్తు బల్ల చేయించింది. దానికోసం తన చెవి కమ్మల జత అమ్మిన సంగతి నాకు తర్వాత తెలిసింది. బల్ల తయారైన రోజు తోపుడు బండి మీద ఎక్కించి, నేనొక పక్క, ఆమె ఒక పక్క పట్టుకుని నడిచాం. దారి పొడుగునా, కోసేవైపు వెలుగు ఎడమనుంచి రావాలా కుడినుంచి రావాలా అని ఆమె తనలో తను వాదించుకుంటూనే ఉంది.

గది తలుపు తెరిచి ఉంది. లోపల నలుగురు మనుషులు ఒక ఇనప యంత్రాన్ని తాళ్ళతో దింపుతున్నారు. అచ్చు వేసి అట్ట కోసే యంత్రం. పక్కన చెప్పుల షావుకారు గొడుగు ఊపుతూ జాగ్రత్తలు చెబుతున్నాడు. మమ్మల్ని చూసి ఆయన గొడుగు దించాడు.

"ఇదేంటి షావుకారు గారూ?" అంది అక్క.

"చెప్పలేదా మీవారు?" ఆయన నిజంగానే ఇబ్బంది పడ్డాడు. "అద్దెకి ఇచ్చారమ్మా. నేనే పెట్టెలు చేయించుకుందామని. మీకు తెలుసనుకున్నాను."

బండివాడు ఎండలో నిలబడి చెమట తుడుచుకుంటూ, "బల్ల దించాలా, తిప్పాలా?" అన్నాడు. అక్క యంత్రం వంక ఒకసారి చూసింది. తర్వాత "తిప్పు" అంది.

ఆ సాయంత్రం బావగారు చెప్పులు విప్పకముందే అడిగింది. "ఎవర్నడిగి ఇచ్చారు?"

"నా గది నేను ఇచ్చుకోడానికి ఎవర్నడగాలి?"

"గదిలో పని నాది."

"కాగితంలో చూసుకో. యజమాని ఎవరో, సహాయకులెవరో. నేను రాసింది కాదు. నువ్వే రాయమన్నావు." ఆయన కోపంగా లేరు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. చెప్పులు విప్పి పక్కన పెట్టి, నచ్చజెప్పే గొంతుతో అన్నారు, "ఆలోచించవే. గవర్నమెంటుకి మనం కట్టేది ఎంత, షావుకారు మనకిచ్చేది ఎంత? కాలు మీద కాలేసుకు కూర్చుంటే నెలనెలా వస్తుంది. నీకూ మోకాళ్ళ నొప్పులు. ఎన్నాళ్ళు చేస్తావు ఆ చాకిరీ? నీ మంచికే చేశాను."

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టని అంటారు. ఇక్కడ అత్తయ్య కూడా ఆయన పక్షమే. "రొట్టె విరిగి నేతిలో పడింది. ఇంకా ఏడుపేంటి?" అంది.

అక్క ఏడవలేదు. బల్లని ముందు గదిలో పెట్టించింది. మంచం ఎత్తినా వాల్చినా ఇక ఆ గదిలో చోటు లేదు. బావగారు రాత్రి దాని అంచు తగిలించుకుని తిట్టుకున్నారు. ఇంట్లో పని చేయడానికి ఉత్తర్వు అడ్డం. చేసినా కొనేవాడు లేడు. ఎర్రగుడ్డ గిన్నె బోర్లించి ఉంది. ఆ వారమంతా ఆమె ఇల్లు కడిగింది, కడిగిన ఇల్లే మళ్ళీ కడిగింది.

తర్వాత ఒక ఉదయం వంట త్వరగా ముగించి, క్యారియర్ కట్టుకుని గుమ్మం దాటబోయింది.

"ఎక్కడికి?" అన్నారు బావగారు.

"మీ గదికి. కూలికి."

ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడ్డారు. "నా గదిలో నా పెళ్ళాం కూలి చేస్తుందా? నలుగురూ ఏమనుకుంటారు? మానెయ్."

"మానమని చెప్పాల్సింది కూలి ఇచ్చేవాడు. ఆయనతో చెప్పించండి" అని ఆమె వెళ్ళిపోయింది.

ఆయన షావుకారుతో చెప్పించలేదు. షావుకారు ముందు ఆ మాట ఎలా ఎత్తాలో తెలియక ఊరుకుని ఉంటారు, లేకపోతే అద్దె పోతుందనుకుని ఉంటారు. కొన్నాళ్ళకి అలవాటు పడ్డారు. ఎవరైనా అడిగితే, "యూనిట్ ఎలా నడుస్తోందో చూడ్డానికి ఆవిడ వెళ్తోంది" అని చెప్పడం మొదలుపెట్టారు. యూనిట్ అనే మాట ఆయనకు ఎవరు నేర్పారో తెలియదు. తలుపు మీద తన పేరు, దాని కింద యజమాని అని రాయించిన బోర్డు కొట్టించారు. షావుకారు అభ్యంతరం చెప్పలేదు. ఉత్తర్వు ప్రకారం గది అద్దెకిచ్చుకోకూడదు కాబట్టి ఆ బోర్డు ఆయనకీ అవసరమే.

అక్క యంత్రం దగ్గర నిలబడి పని చేస్తుంది. అచ్చు కిందికి దిగుతుంది, అట్ట తెగుతుంది, పక్కకి తీస్తుంది. గీత గీసే పని లేదు. సాయంత్రం వచ్చాక నేను వేడినీళ్ళు కాచి ఇస్తే మోకాళ్ళ మీద గుడ్డ వేసుకుని కూర్చుంటుంది. "ఎలా ఉందక్కా?" అంటే, "బాగానే ఉంది. ఆలోచించక్కర్లేదు" అంటుంది. ఆ జవాబు నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు.

మొన్న ఒక సాయంత్రం బావగారు హుషారుగా వచ్చారు. గదుల యజమానులంతా కలిసి సంఘం పెట్టుకున్నారట. పట్నం నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారట, చిన్న వ్యాపారాల కష్టసుఖాలు తెలుసుకోవడానికి. వాళ్ళ ముందు మాట్లాడమని ఈయన్ని అడిగారట. కబుర్ల బాబాయి కూడా మాట్లాడతాడట గానీ, ఈయనది ముందట.

తెల్లకాగితం, కలం తీసుకుని బల్ల దగ్గర కుర్చీ వేసుకున్నారు. కాసేపు కాగితం వంక చూశారు. పైన రాయాల్సిన పేరూ, తేదీ రాశారు. తర్వాత అక్క వైపు తిరిగారు. ఆమె గోడకు జారబడి, మోకాళ్ళ మీద గుడ్డతో కళ్ళు మూసుకుని ఉంది.

"ఏమే, చిన్న వ్యాపారం చేసేవాళ్ళకి కష్టాలేం ఉంటాయి? నాలుగు ముక్కలు చెప్పు, రాసుకుంటాను."

అక్క కళ్ళు తెరవలేదు.

"అట్ట ఆరకపోవడం ఒకటి చెప్పావు కదా అప్పుడు. ఇంకా ఏంటి? అప్పు వసూలు కాకపోవడమా? అదీ రాయనా?"

"నాకేం తెలుసండీ" అంది. "కూలిదాన్ని. పొద్దున వెళ్తాను, సాయంత్రం వస్తాను. కష్టాలు యజమానులకి తెలియాలి."

అందులో వెటకారం ఉందేమోనని ఆయన ఆమె ముఖంలోకి చూశారు. ఏమీ కనపడలేదు. నిజంగానే అలసిపోయి ఉంది. గుడ్డ తీసి నీళ్ళలో ముంచి, పిండి, మళ్ళీ మోకాలి మీద వేసుకుంది.

బావగారు కలం వేళ్ళ మధ్య తిప్పుతూ నా వైపు చూశారు. "అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి. నువ్వైనా చెప్పు."

"పొయ్యి మీద పాలున్నాయి బావగారూ" అని నేను లోపలికి వచ్చేశాను.